ఏ చెత్తయినా బొగ్గవుతుందా? యంత్రం కొనే ముందు నీళ్ల లెక్క, వేడి లెక్క

నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను, తప్పుంటే సరిచేయండి. మీ ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్‌లో రోజుకు సుమారు 3 టన్నుల వ్యర్థాలు వస్తున్నాయి. అందులో 2 టన్నులు తడివి: తొక్కలు, రసం పిండేసిన గుజ్జు, పాడైన సరుకు. మిగతా టన్ను ఎండువి: గట్టి చిప్పలు, పొట్టు, విరిగిన చెక్క ప్యాలెట్లు. యంత్రాలు అమ్మేవాళ్లు వచ్చి "ఏ చెత్తయినా వేయండి, ఒకవైపు బొగ్గు, ఇంకోవైపు కరెంటు, పైగా కార్బన్ క్రెడిట్లు" అన్నారు (కార్బన్‌ను గాల్లోకి పోనివ్వనందుకు దక్కే, అమ్ముకోదగ్గ పత్రాలే ఈ క్రెడిట్లు). కొనచ్చా అని మీరు అడిగారు. బాయిలర్ నడుస్తోందని, దానికి బయట నుంచి ఇంధనం కొంటున్నామని చివర్లో ఒక ముక్క రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ ముక్కే.

నేను బొగ్గు రిటార్ట్‌లు (గాలి తగలకుండా వేడి చేసి బొగ్గు చేసే మూసిన పాత్రలు), గ్యాసిఫయర్ల (కొద్దిపాటి గాలితో కట్టెను మండే గ్యాస్‌గా మార్చే యంత్రాలు) పనిలో 18 ఏళ్లుగా ఉన్నాను. సూటిగా చెప్తాను. మీ ఎండు టన్నుకు రిటార్ట్ ఆలోచించదగ్గదే. తడి 2 టన్నులను అందులో వేయకండి. కరెంటు మాట ఇప్పటికి పక్కన పెట్టండి. మీకు మిగిలేదేమైనా ఉంటే అది బాయిలర్ దగ్గర, వేడి రూపంలో మిగులుతుంది. ఎందుకో వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు నీళ్ల సంగతి. ఈ పనిలో చేతులు కాల్చుకున్నవాళ్లను చాలామందిని దగ్గర నుంచి చూశాను. యంత్రం మంచిదే, మనుషులూ కష్టపడ్డారు, కానీ రోజూ నీళ్లను ఆవిరి చేయడానికే ఇంధనం పోసుకుంటూ పోయారు. మీది ఎంత తడో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కుప్పలో పైనుంచి, మధ్యలోంచి, అడుగు నుంచి దోసెడేసి తీసి బాగా కలపండి. అందులోంచి సరిగ్గా 1 కిలో తూచి, రేకు ట్రేలో పలచగా పరిచి, 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. రాత్రంతా ఉంచి పొద్దున తూచండి. రెండు గంటలాగి మళ్లీ తూచండి. బరువు ఇక తగ్గడం లేదంటే నీళ్లన్నీ పోయినట్టే. 1000 గ్రాములు 250 గ్రాములకు దిగితే తేమ 75 శాతం. ఒక్కరోజు చేసి ఊరుకోకండి. సరుకు రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి కనీసం 15 రోజులు చేసి, పుస్తకంలో రాసుకోండి.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. తేమ శాతాన్ని రెండు రకాలుగా చెప్తారు. మొత్తం బరువులో నీళ్లు ఎంత అనేది ఒక లెక్క. ఎండిన పదార్థం బరువుతో పోలిస్తే నీళ్లు ఎంత అనేది ఇంకో లెక్క. సగం నీళ్లు, సగం పదార్థం ఉన్న సరుకు మొదటి లెక్కలో 50 శాతం, రెండో లెక్కలో 100 శాతం. యంత్రం కాగితాల మీద ఏ లెక్క వేశారో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఈ ఒక్క విషయం దగ్గరే పెద్ద పెద్ద గొడవలు జరగడం చూశాను.

ఇప్పుడు మీ తడి సరుకు లెక్క వేద్దాం. 75 శాతం తేమ ఉన్న టన్ను గుజ్జులో పదార్థం 250 కిలోలే, మిగతా 750 కిలోలు నీళ్లు. రిటార్ట్‌లో వేయాలంటే తేమ 15 శాతం దగ్గరికి రావాలి. అంటే దాదాపు 700 కిలోల నీళ్లు తోలాలి. మామూలు నీటిని మరిగించి ఆవిరి చేయడానికి కిలోకు సుమారు 2.6 మెగాజౌళ్ల శక్తి పడుతుంది. డ్రైయర్‌లో పక్కలకు పోయే వేడి కూడా కలుపుకుంటే 3.5 వేసుకోవడం క్షేమం. అలా చూస్తే ఆరబెట్టడానికే దాదాపు 2500 మెగాజౌళ్లు కావాలి. మరి ఆ 250 కిలోల ఎండు పదార్థంలో ఉన్న శక్తి మొత్తం ఎంత? కిలోకు 17 వేసుకున్నా 4250. అందులో సగం బొగ్గులో ఉండిపోతుంది. మిగతా సగం, అంటే 2100 చిల్లర, గ్యాస్‌గా వస్తుంది. ఆ గ్యాస్ మొత్తం తగలేసినా మీ గుజ్జు ఆరదు. ఇంకో ఇంధనం కొని పోయాల్సిందే. యంత్రం ఎంత గొప్పదైనా ఈ లెక్క మారదు.

అయితే పిండితే మారుతుంది. స్క్రూ ప్రెస్‌లో వేసి తేమను 75 నుంచి 60కి దించారనుకోండి. వినడానికి 15 శాతమే తేడా. కానీ 250 కిలోల పదార్థానికి 60 శాతం తేమ అంటే మొత్తం బరువు 625 కిలోలు, నీళ్లు 375 కిలోలు. అంటే సగానికి సగం నీళ్లు మంట లేకుండానే పోయాయి. నీటిని పిండడానికి అయ్యే ఖర్చుకీ, మరిగించడానికి అయ్యే ఖర్చుకీ పోలికే లేదు. అయినా సరే, 60 శాతం దగ్గర కూడా ఆ సరుకు తన ఆరబెట్టుడు ఖర్చుకు తాను సరిపోవడమే తప్ప మిగిలేది పెద్దగా ఉండదు.

కాబట్టి మీ తడి 2 టన్నులకు సరైన దారి బయోగ్యాస్. అక్కడ నీళ్లు అడ్డు కాదు, అవసరం. గాలి తగలని ట్యాంకులో సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుంటాయి. వచ్చే గ్యాస్‌లో మీథేన్ 50 నుంచి 65 శాతం దాకా ఉంటుంది. దాన్ని నేరుగా మీ బాయిలర్ బర్నర్‌కు ఇవ్వచ్చు. ప్రెస్‌లోంచి కారిన రసం కూడా అందులోనే పోయండి, తేలిగ్గా కుళ్లే చక్కెరలన్నీ ఆ రసంలోనే ఉంటాయి. ఒకే రోజు ఎక్కువ మోతాదు పోసేస్తే ట్యాంకు పులిసిపోయి గ్యాస్ ఆగిపోతుంది, మెల్లగా అలవాటు చేయాలి. తడి సరుకును తడిగానే బొగ్గులా మార్చే పద్ధతి కూడా ఒకటి ఉంది. మూసిన పాత్రలో 180 నుంచి 250 డిగ్రీల వేడిలో, పీడనం కింద ఉడకబెడతారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ బెర్గియస్ 1913 నాటికే దీన్ని వివరించాడు. పద్ధతి నిజమైనదే. కానీ పీడన పాత్రలు, వాటి తనిఖీలు, ఆఖర్న మిగిలే ముదురు గోధుమరంగు నీటిని శుద్ధి చేయడం ఇవన్నీ మీ స్థాయి యూనిట్‌కు మోయలేని బరువు. నేనైతే అటు వెళ్లమని చెప్పను.

ఇక ఎండు టన్ను దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే.

గాలి లేకుండా కట్టెను వేడి చేస్తే లోపల ఏం జరుగుతుందో చిమ్నీ దగ్గర నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మొదట చిక్కటి తెల్ల పొగ వస్తుంది. అది చాలావరకు నీటి ఆవిరే, చెయ్యి పెడితే తడి తగులుతుంది. తర్వాత పొగ పసుపు పచ్చగా తిరుగుతుంది, కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. కట్టెలోని పీచు పదార్థాల్లో 220 డిగ్రీలు దాటాక హెమీసెల్యులోజ్, 315 దాటాక సెల్యులోజ్ విచ్చుకుపోయి ఆమ్లాలు, తారు బయటికి వస్తున్నాయన్నమాట. 280 డిగ్రీల ప్రాంతంలో ఒక విచిత్రం జరుగుతుంది. అప్పటిదాకా వేడిని మింగిన కట్టె అక్కడ నుంచి తనే వేడిని ఇవ్వడం మొదలుపెడుతుంది. బయటి మంట తగ్గించినా లోపలి వేడి చూపే ముల్లు 400 దాకా తనంతట తనే ఎక్కుతుంది. ఆఖర్న పొగ పలచబడి నీలంగా మారి, కంటికి కనిపించనంతగా తగ్గిపోతుంది. కొత్తవాళ్లు పసుపు పొగ తగ్గగానే అయిపోయిందని ఆపేస్తారు. అప్పటికి బొగ్గులో తారు ఇంకా చాలా మిగిలి ఉంటుంది. 500 డిగ్రీల దాకా తీసుకెళ్లి, అక్కడ కాసేపు నిలబెట్టాలి.

ఎంత వేడికి ఏం వస్తుందో చెప్పే అంకెలు నేను ఎప్పుడూ జేబులో పెట్టుకుంటాను. పూర్తిగా ఆరిన కట్టెను 300 డిగ్రీల దగ్గర ఆపితే 42 శాతం బొగ్గు చేతికొస్తుంది, కానీ అందులో స్థిర కార్బన్ (వేడికి పొగగా పోకుండా నిలిచే కార్బన్) 68 శాతమే. 500 దగ్గర 33 శాతం వస్తుంది, స్థిర కార్బన్ 86కి చేరుతుంది. 700 దగ్గర 30 శాతం, స్థిర కార్బన్ 92. కాబట్టి ఎవరైనా "మా యంత్రంలో 40 శాతం బొగ్గు వస్తుంది" అని గొప్పగా చెప్తే, సగం కాలిన కట్టెను కూడా బొగ్గు కింద తూచి చెప్తున్నారేమో చూడండి. కట్టె విషయంలో అది దాదాపు ఖాయం. మంచి బొగ్గు విరిస్తే లోపల నల్లగా నిగనిగలాడుతుంది, రెండు ముక్కలు తట్టిస్తే గాజు పెంకుల్లా ఖంగుమంటుంది. సరిగా కాలనిది గోధుమరంగు తిరిగి, మొద్దు శబ్దం చేస్తుంది, చేతికి జిడ్డుగా తగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఎండు టన్నులో 15 శాతం తేమ ఉందనుకుంటే పదార్థం 850 కిలోలు. కిలోకు 18 మెగాజౌళ్ల చొప్పున మొత్తం శక్తి సుమారు 15.3 గిగాజౌళ్లు. ఒక గిగాజౌల్ అంటే 1000 మెగాజౌళ్లు, కరెంటు లెక్కలో 278 యూనిట్లు. బొగ్గు 30 శాతం చొప్పున 255 కిలోలు వస్తుంది, అందులో ఉండే శక్తి 7.4 గిగాజౌళ్లు. మరి మిగతా సగం, అంటే 7.9 గిగాజౌళ్లు, ఎక్కడికి పోయింది? పొగలోకి పోయింది. పాత మట్టి బట్టీల్లో అది గాల్లో కలిసిపోతుంది. ఆ పొగలో మీథేన్ కూడా ఉంటుంది. వందేళ్ల లెక్కన చూస్తే బరువుకు బరువు అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. పొగ వదిలేసే బట్టీలో చేసిన బొగ్గును పర్యావరణానికి మేలు అని అమ్మడం నా మనసుకు ఒప్పదు.

రిటార్ట్ పెట్టేది ఈ పొగను పట్టుకోవడానికే. మూసిన పాత్రలోంచి వచ్చే గ్యాస్‌ను గొట్టం ద్వారా కింది పొయ్యిలోకి తెచ్చి మండిస్తారు. ఒక్కసారి రాజుకున్నాక దాని వేడితో అదే నడుస్తుంది, ఇంకా మిగులుతుంది. మీ లెక్కలో ఆ 7.9 గిగాజౌళ్లలో మూడో వంతు రిటార్ట్ సొంత అవసరానికి, గోడల్లోంచి పోయే నష్టానికి తీసేద్దాం. 5 గిగాజౌళ్ల చిల్లర చేతిలో ఉంటుంది. దాన్ని బాయిలర్‌కు ఇస్తే దాదాపు ఒకటిన్నర టన్నుల ఆవిరి. అదే 5 గిగాజౌళ్లతో ఈ చిన్న స్థాయిలో కరెంటు తీస్తే 10 నుంచి 15 శాతం కంటే ఎక్కువ చేతికి రాదు, అంటే రోజుకు 140 నుంచి 210 యూనిట్లు. అందులోంచి బ్లోయర్లు, పంపులు, కన్వేయర్ వాడుకున్నది తీసేస్తే ఏం మిగులుతుందో మీరే చూడండి. మీరు ఆవిరి కోసం ఇంధనం కొంటున్నారు కాబట్టి మీకు వేడి నేరుగా అక్కరకొస్తుంది. ఉన్న వేడిని కరెంటు చేసి, ఇంకో పక్క వేడి కోసం ఇంధనం కొనడం బూడిదలో పోసిన పన్నీరే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. మీకు కావాల్సింది వేడి మాత్రమే అయితే బొగ్గు చేయనే అక్కర్లేదు. ఆ చిప్పల్ని, పొట్టును నేరుగా బయోమాస్ బాయిలర్‌లో వేస్తే 15 గిగాజౌళ్లలో 80 శాతం ఆవిరికి వెళ్తుంది. అది 4.5 టన్నుల ఆవిరి. బొగ్గు చేయడమంటే అందులో 3 టన్నుల ఆవిరిని వదులుకుని 255 కిలోల బొగ్గు తీసుకోవడం. ఆ 255 కిలోలు అమ్మితే వచ్చే డబ్బు, వదులుకున్న 3 టన్నుల ఆవిరికి అయ్యే ఇంధనం ఖర్చు కంటే బాగా ఎక్కువ ఉండాలి. కూలీ, మరమ్మతులు, ప్యాకింగ్ దాని మీద తీసేయాలి. మీ దగ్గర ఈ రెండు ధరలూ ఉంటాయి. కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. తేడా లేకపోతే రిటార్ట్ కొనకండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

అందుకే బొగ్గు ఎవరు కొంటారో తేలకుండా యంత్రం సైజు మాట్లాడొద్దంటాను. వంటకు, గ్రిల్లింగ్‌కు అమ్మాలంటే బూడిద తక్కువ, స్థిర కార్బన్ ఎక్కువ ఉండాలి. యూరప్ ప్రమాణం ప్రకారం ముక్క బొగ్గులో స్థిర కార్బన్ 75 శాతం కంటే తగ్గకూడదు, బూడిద 8 శాతం మించకూడదు. బ్రికెట్లకు (బొగ్గు పొడిని నొక్కి చేసిన దిమ్మలకు) కొంచెం సడలింపు ఉంది, స్థిర కార్బన్ 60 శాతం, బూడిద 18 శాతం. మీ గట్టి చిప్పలు ఈ పరీక్ష తేలిగ్గా దాటుతాయి. కొబ్బరి చిప్పల్లాంటివైతే యాక్టివేటెడ్ కార్బన్ చేసేవాళ్లే బొగ్గు కొంటారు. వాళ్లు దాన్ని 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టించి నీటి శుద్ధికి పనికొచ్చేలా చేస్తారు. అది వేరే పరిశ్రమ, మీరు అందులోకి దిగనక్కర్లేదు, బొగ్గు అమ్మితే చాలు. కానీ ఒక్కో లాట్ ఒక్కోలా ఉంటే వాళ్లు రెండోసారి తీసుకోరు.

పొట్టు సంగతి వేరు. వరి ఊకనే తీసుకోండి. దాని బరువులో 15 నుంచి 20 శాతం బూడిద, అదీ ఎక్కువగా సిలికానే. బొగ్గు చేసేటప్పుడు సరుకులో ఉన్నవి చాలావరకు బయటికి పోతాయి గానీ బూడిద ఎక్కడికీ పోదు. 100 కిలోల ఊకలో 18 కిలోల బూడిద ఉంటే, చేతికొచ్చే 38 కిలోల బొగ్గులోనూ ఆ 18 కిలోలు అలాగే ఉంటాయి. అంటే దాదాపు సగం బూడిదే. ఇంధనంగా ఆ బొగ్గు పనికిమాలినది. నేలలో కలపడానికి మాత్రం బాగుంటుంది. కాబట్టి చిప్పల్ని, పొట్టును కలిపి ఒకే బ్యాచ్‌లో వేయకండి. కలిపితే మంచి బొగ్గు కూడా పాడవుతుంది, పైగా సన్నటి పొట్టు చిప్పల సందుల్ని మూసేసి గ్యాస్ కదలనివ్వదు. మీ పొట్టులో బూడిద ఎంతో ఒక ల్యాబ్‌లో చూపించండి, 550 డిగ్రీల దగ్గర కాల్చి మిగిలింది తూస్తారు, ఒక రోజు పని. బూడిద ఎక్కువగా ఉంటే ఆ పొట్టును బాయిలర్‌కు వాడుకోవడం మేలు. అయితే బాయిలర్ గ్రేట్ (ఇంధనం మండే కడ్డీల జాలీ) మీద బూడిద కరిగి గడ్డకడుతుందేమో ముందు చూసుకోవాలి.

చెక్క ప్యాలెట్లు కనిపించినంత అమాయకమైనవి కావు. అంతర్జాతీయ రవాణా ప్యాలెట్ల మీద ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టి అని ఉంటే వేడి పట్టించినది, పర్వాలేదు. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష గ్యాస్ పట్టించినది, దాన్ని పక్కన పడేయండి. రంగు వేసినవి, ప్లైవుడ్, జిగురు పలకలు, రసాయనం పట్టించిన కలప అసలు వద్దు. ప్లాస్టిక్ కవర్లు కూడా అంతే. ముఖ్యంగా పీవీసీ ముక్క పడితే క్లోరిన్ బయటికి వచ్చి గొట్టాలను తినేస్తుంది, డయాక్సిన్లు అనే విషాలు తయారయ్యే ప్రమాదం తెచ్చిపెడుతుంది. తర్వాత ఫిల్టర్లు పెట్టి శుభ్రం చేసుకుందాం అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, అడుసు తొక్కనేల, కాలు కడగనేల. మీ యూనిట్‌లో వ్యర్థం పుట్టే చోటనే మూడు డ్రమ్ములు వేరుగా పెట్టండి. ఏరే పని కుప్ప దగ్గరికి వచ్చాక మొదలుపెడితే ఎప్పటికీ తెమలదు. ఉప్పు పట్టించిన సరుకు ఉంటే అది కూడా విడిగా ఉంచండి, ఉప్పులోనూ క్లోరిన్ ఉంది కదా.

కరెంటు గురించి ఎందుకంత గట్టిగా వద్దన్నానో నా అనుభవం చెప్తాను. గ్యాసిఫయర్ గ్యాస్‌తో ఇంజిన్ నడపడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్ దొరక్క యూరప్‌లో లక్షల వాహనాలు కట్టె గ్యాస్ మీద తిరిగాయి. ఆ గ్యాసిఫయర్ల నమూనా చాలావరకు జార్జ్ ఇంబెర్ట్ అనే ఇంజనీరు 1920లలో రూపొందించినదే. యుద్ధం అయిపోయి పెట్రోల్ దొరకగానే దాదాపు అందరూ వాటిని తీసేశారు. వాటితో చాకిరీ ఎక్కువ, అందులో తారు బాధ ఒకటి. నేను పనిచేసిన ఒక చోట చిప్పల గ్యాసిఫయర్‌కు ఇంజిన్ బిగించాం. తొలి వారం బ్రహ్మాండంగా తిరిగింది, అందరం సంబరపడ్డాం. ఒక తెల్లవారుజామున స్టార్ట్ చేయబోతే తిరగలేదు. హెడ్ విప్పి చూస్తే ఇన్‌టేక్ వాల్వ్ కాడ చుట్టూ నల్లటి జిగురు పట్టి, వాల్వ్ తెరుచుకున్న చోటనే బిగుసుకుపోయి ఉంది. గోరుతో గీకితే లక్కలా పెచ్చులు ఊడింది. రాత్రి వేడిగా ఉన్నప్పుడు గ్యాస్‌లో ఆవిరిగా వచ్చిన తారే, ఇంజిన్ చల్లారాక గడ్డకట్టింది. ఇంజిన్‌కు వెళ్లే గ్యాస్‌లో తారు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని వాడుకలో ఉన్న హద్దు. ఆ హద్దులో రోజూ ఉంచాలంటే ఒకే సైజు ముక్కలు, ఒకే తేమ, మంచి ఫిల్టర్లు, వాటిని కడిగిన మురికి నీటికి మళ్లీ శుద్ధి, అన్నిటికీ మించి అదే పనిగా చూసుకునే మనిషి కావాలి. అవన్నీ ఉన్నచోట ఏళ్ల తరబడి నడుస్తున్నవి కూడా చూశాను. బాయిలర్ బర్నర్‌కు ఈ తలనొప్పి లేదు. గ్యాస్ వేడిగా ఉండగానే మండిపోతుంది, తారు కూడా ఇంధనమే అవుతుంది. ఒక్కటే జాగ్రత్త, రిటార్ట్ నుంచి బర్నర్‌కు గొట్టం వీలైనంత పొట్టిగా, లావుగా, పైన ఇన్సులేషన్‌తో ఉండాలి. దారిలో చల్లారితే తారు అక్కడే పేరుకుంటుంది. గొట్టం ప్రతి మలుపు దగ్గర విప్పి గీకడానికి మూత పెట్టించుకోండి. డ్రాయింగ్‌లో ఆ మూతలు లేకపోతే వేసినవాడు ఎప్పుడూ గొట్టం కడగలేదని అర్థం.

గ్యాస్ మండే గదిలో కూడా వేడి చాలాలి. యూరప్‌లో వ్యర్థాలు కాల్చే ప్లాంట్లకు 850 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు గ్యాస్ ఉండాలన్న నియమం ఉంది. మీకు వర్తించినా వర్తించకపోయినా దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. సరిగా మండితే చిమ్నీ మీద వేడి అలలు తప్ప పొగ కనిపించదు.

కార్బన్ క్రెడిట్ల గురించి క్లుప్తంగా. నేలలోకి వెళ్లిన బొగ్గు, అంటే బయోచార్, వందల ఏళ్లు నిలుస్తుంది. అమెజాన్‌లో నల్ల నేలల్ని అక్కడి పూర్వులు బొగ్గు కలిపి తయారు చేసుకున్నారు, అవి ఇప్పటికీ సారంగానే ఉన్నాయి. టన్ను కార్బన్ నిలిస్తే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోకుండా ఆగినట్టు. అయితే క్రెడిట్ రావాలంటే బొగ్గు కాల్చకూడదు. వంటకు అమ్మిన బొగ్గు మళ్లీ గాల్లోకే పోతుంది, దానికి ఈ క్రెడిట్ ఉండదు. మీ అమ్మకందారు ఒకే బొగ్గును ఇంధనంగా అమ్మి, దాని మీదే క్రెడిట్ కూడా చూపించాడని మీరు రాసిన అంకెల్లో కనిపిస్తోంది. రెండింట్లో ఒక్కటే నిజమవుతుంది. 2012లో మొదలైన యూరోపియన్ బయోచార్ సర్టిఫికెట్ లాంటివాటిలో హైడ్రోజన్, కార్బన్ అణువుల నిష్పత్తి 0.7 కంటే తక్కువ ఉండాలని, పొగ వదలకూడదని, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు ఉండాలని అడుగుతారు. ల్యాబ్ పరీక్షల ఖర్చు, ఆడిట్ ఖర్చు ఉంటాయి. రోజుకు 255 కిలోల స్థాయిలో ఒక్కరే మోయడం కష్టం. మొదటి రెండేళ్ల లెక్కల్లో క్రెడిట్ ఆదాయం సున్నా అని వేసుకోండి. సున్నాతో కూడా వ్యాపారం నిలబడితేనే ముందుకెళ్లండి. అన్నట్టు, నేలకు అమ్మేదైతే బొగ్గును ఒట్టిగా వేయొద్దని కొన్నవాళ్లకు చెప్పండి. ముందు కంపోస్టులో కలిపి కొన్ని వారాలు మాగనివ్వాలి, లేకపోతే మొదట్లో అదే నేలలోని పోషకాల్ని పట్టేసుకుంటుంది. మీ బయోగ్యాస్ ట్యాంకు నుంచి వచ్చే స్లర్రీ దీనికి బాగా పనికొస్తుంది.

బొగ్గు తీయగా మిగిలే పొడిని పారేయకండి. పిండి గంజి 4 నుంచి 8 శాతం కలిపి బ్రికెట్లు చేయచ్చు. గంజి తక్కువైతే రవాణాలో పొడైపోతాయి, ఎక్కువైతే పొగ వస్తుంది. కొత్తలో యంత్రం కొనకుండా బయట చేయించి చూడండి.

చివరగా ప్రమాదాల గురించి. దయచేసి ఈ భాగం మీ పనివాళ్లకు చదివి వినిపించండి. ఈ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో 0.16 శాతం ఉన్నా రెండు గంటల్లోపు ప్రాణం తీయగలదు, గ్యాసిఫయర్ గ్యాస్‌లో అది 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. రిటార్ట్‌ను నాలుగు గోడల మధ్య మూసిన గదిలో పెట్టొద్దు, పైకప్పు మాత్రమే ఉన్న షెడ్‌లో పెట్టండి. దగ్గర పనిచేసే ప్రతి మనిషి చొక్కాకు అలారం మీటర్ ఉండాలి. తలనొప్పి అన్నవాడిని ముందు బయటి గాలిలోకి తీసుకెళ్లాలి, మిగతా ప్రశ్నలు తర్వాత. వేడిగా ఉన్న రిటార్ట్ తలుపు ఎప్పుడూ తీయొద్దు. లోపల గ్యాస్ ఉండగా గాలి దూరితే పేలుతుంది. లోపలి ఉష్ణోగ్రత 50, 60 డిగ్రీలకు దిగేదాకా ఆగాలి, ఎంత తొందరున్నా.

రెండోది నన్ను ఇప్పటికీ వెంటాడే సంగతి. ఒక సాయంత్రం బ్యాచ్ దింపాం. పైన చెయ్యి పెడితే చల్లగా ఉంది. లారీ పొద్దున్నే వస్తుందని ఆ రాత్రే గోనె సంచుల్లో నింపి, గోడ పక్కన నిలువెత్తు పేర్చాం. తెల్లారి షెడ్‌లోకి వెళ్తే పొగ లేదు, మంట లేదు, కానీ గాలిలో ఏదో మాడిన వాసన. మధ్య వరుసలో ఒక సంచి మీద అరచెయ్యి పెట్టాను, వెచ్చగా తగిలింది. లాగబోతే అడుగు ఊడిపోయి ఎర్రటి బొగ్గులు కాళ్ల ముందు రాలాయి. కొత్త బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ తనలో తాను వేడెక్కుతుంది. పలచగా పరిచి ఉంటే ఆ వేడి పోతుంది. సంచుల మధ్యలో ఇరుక్కుంటే పోదు, పెరుగుతూ పెరుగుతూ నిప్పవుతుంది. ఆ రోజు మా చుట్టుపక్కల ఎండు పొట్టు లేదు కాబట్టి బయటపడ్డాం. అప్పటి నుంచి నా నియమం మారలేదు. దింపిన బొగ్గును జానెడు మందం మించకుండా పరిచి, పూర్తిగా 24 గంటలు గాలికి వదలాలి. సంచులు నింపిన తర్వాత పొడవాటి థర్మామీటర్ కడ్డీని మధ్యలోకి గుచ్చి చూడాలి. చుట్టూ ఉన్న గాలి కంటే వేడి ఉంటే ఆ సంచి మళ్లీ విప్పాలి. ముడి సరుకు కుప్పకూ బొగ్గు నిల్వకూ మధ్య ఖాళీ జాగా ఉండాలి. ఈ పద్ధతి రాసి పెట్టుకోని అమ్మకందారు దగ్గర యంత్రం కొనకండి.

కొనాలని తేలితే, డబ్బు కట్టే ముందు మీ సొంత సరుకు ఒక టన్ను తీసుకెళ్లి వాళ్ల యంత్రంలో మీ కళ్ల ముందు కాల్పించండి. వాళ్లు తెచ్చి పెట్టిన ఎండు కట్టెతో చూపించేది లెక్కలోకి రాదు. లోపలికి వెళ్లేది తూచండి, తేమ కొలవండి, బయటికి వచ్చేది తూచండి, బొగ్గు నమూనా మీరే తీసి మీరే ల్యాబ్‌కు పంపండి. రాజేయడానికి వాడిన డీజిల్ లీటర్లు, బ్లోయర్ కరెంటు కూడా రాసుకోండి. అదే యంత్రాన్ని రెండేళ్లకు పైగా నడుపుతున్న ఒక్క కస్టమర్ దగ్గరికి వాళ్లు లేకుండా వెళ్లి, ఆపరేటర్‌తో టీ తాగండి. మేనేజర్ చెప్పనివి ఆపరేటర్ చెప్తాడు.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది చిన్న పనే. రేపటి నుంచి 15 రోజులు ట్రే పరీక్ష చేయండి, తడి కుప్పకు వేరుగా, చిప్పలకు వేరుగా, పొట్టుకు వేరుగా. బాయిలర్ రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో, గంటకు ఎంత ఆవిరి వాడుతుందో ఆపరేటర్ లాగ్‌బుక్‌లోంచి తీయండి. ఆవిరి అవసరం పగలే ఉండి రాత్రి లేకపోతే రిటార్ట్ బ్యాచ్‌లు పగటికి సర్దాలి, దాని వల్ల సైజు మారిపోతుంది. ఈ అంకెలు ఇక్కడ పెడితే మీకు ఎంత రిటార్ట్ కావాలో, అసలు కావాలో వద్దో, లెక్క నేను వేసి పెడతాను.